వేలికి తగిలే గోదావరి

నేను ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యానో మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఎదురింటావిడ దృష్టిలో నేను కంప్యూటర్లో తలుపులు గీసేదాన్ని. కిరాణా కొట్టతనికి నేను సామిల్లు మేడం గారిని. మా ఆడపడుచయితే ఇప్పటికీ పెళ్లిళ్లలో "చెక్క మీద పేర్లు చెక్కుతుంది మా సుశీల" అని పరిచయం చేస్తుంది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది కానీ, మూడూ నా పని కాదు. బొమ్మ గీసేవాళ్లు వేరే ఉండేవారు. కోసేది మిషను. కంప్యూటర్లో ఉన్న బొమ్మను మిషనుకు తెలిసే ఆదేశాలుగా మార్చడం నా పని.

ఇన్నేళ్లూ ఎవరికీ పట్టని ఈ పని మీద ఇప్పుడు మన అమలాపురం, కొత్తపేట వైపు పిల్లలకు మోజు పుట్టింది. బల్ల మీద పట్టే, కంప్యూటరు ఆదేశాలతో కోసే చిన్న సీఎన్‌సీ మిషన్లు విడిభాగాలుగా తెప్పించుకుని, వాటిని ఇంట్లోనే బిగించుకుని, ఆ తర్వాత నాకు ఫోను చేస్తున్నారు. "మేడం గారండీ, బొమ్మ బాగానే ఉందండి. మిషనే పిచ్చిపిచ్చిగా పోతోందండి" అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే రాసిపెడితే నయమనిపించింది. ఏ సాఫ్ట్‌వేర్లో ఏ బటన్ నొక్కాలో ఇందులో ఉండదు. అవి మారుతూనే ఉంటాయి. మారనివి కొన్ని ఉన్నాయి. అవి చెబుతాను.

బొమ్మ వేరు, దారి వేరు

కంప్యూటర్లో ఒక తామరపువ్వు గీశారనుకోండి. మిషనుకు తామరపువ్వంటే ఏమిటో తెలియదు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లు, ఇంత లోతుకు దిగు, ఇంత వేగంతో నడు, పైకి లే. దానికి తెలిసిన భాష ఇంతే. ఈ మాటలనే అక్షరాలూ అంకెలూ కలిపి వరసగా రాస్తే జీ కోడ్ అంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ వరసలు చేత్తో రాసేవాళ్లం. ఇప్పుడు సాఫ్ట్‌వేరే రాసి పెడుతుంది.

అందుకని పని తేలికైందనుకోకండి. గిర్రున తిరుగుతూ కోసే బిట్టు ఎంత లావుండాలి, ఒక్కో విడతకు ఎంత లోతు తియ్యాలి, పక్కపక్క గీతల మధ్య ఎంత ఎడం ఉండాలి, చెక్కను ఎక్కడ బిగించాలి, కొలత ఎక్కడి నుంచి మొదలవ్వాలి, ఇవన్నీ మనమే చెప్పాలి. అడిగిన గడులన్నీ నింపేస్తే సాఫ్ట్‌వేర్ మారు మాట్లాడకుండా ప్రోగ్రాం చేతిలో పెడుతుంది. తప్పు నింపినా పెడుతుంది. దానికున్న పెద్ద దుర్గుణం ఆ మర్యాదే.

మూర్తి గారి పెన్సిలు

కాకినాడలో డిప్లొమా చేశాక నా మొదటి ఉద్యోగం హైదరాబాదులో, బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో. ఇనుము కోసే మిషన్లు. మా పైన మూర్తి గారని ఒకాయన ఉండేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మేము రాసిన ప్రోగ్రాం ఆయన చదివేవారు కాదు. "చదువమ్మా" అని మాతోనే పైకి చదివించేవారు. తన చేతిలో పెన్సిలు పట్టుకుని, అదే బిట్టు అన్నట్టుగా, మిషను మీద బిగించిన ఇనప ముక్క పైన గాలిలో నడిపించేవారు. నేను "ఎక్స్ ఇంత, వై ఇంత" అంటే పెన్సిలు అక్కడికి వెళ్లేది.

ఒకరోజు నేను చదువుతుంటే పెన్సిలు వెళ్లి, ముక్కను పట్టి ఉంచిన క్లాంపుకు టక్కున తగిలింది. ఆయన అలాగే ఆపారు.

"ఇప్పుడేమైంది?"

"క్లాంపుకు తగిలిందండి."

"తగిలితే?"

"బిట్టు విరుగుతుందండి."

"విరిగిన ముక్క ఎటు పోతుంది?"

ఆయన పెన్సిలుతో మిషను పక్కన నిలబడ్డ ఆపరేటరు ఛాతీని చూపించారు. "బిట్టు పోతే కొత్తది వేస్తాం. ఇతను రోజూ ఇక్కడే నిలబడతాడు" అని మాత్రం అని వెళ్లిపోయారు.

చాలామంది పై అధికారుల దగ్గర పనిచేశాను. నాకు పని నేర్పింది మాత్రం ఆయనే. మీ ఇంట్లో మిషనుకు ఆపరేటరు ఉండకపోవచ్చు, మీరే ఉంటారు. కొత్త ప్రోగ్రాం వేసినప్పుడు ముందు బిట్టును చెక్కకు అందనంత ఎత్తులో పెట్టి ఒకసారి ఉత్త గాలిలో నడిపించి చూడండి. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, నవ్వుకోనివ్వండి. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి.

ఊడిపోయిన తలకట్లు

మా వారికి అమలాపురం బదిలీ అయ్యాక ఇనుము వదిలి చెక్కలోకి వచ్చాను. శేషారావు గారని, పెద్ద సామిల్లు ఆయనది. తలుపుల మీద నగిషీలు చెక్కడానికి ఒక సీఎన్‌సీ రౌటరు కొన్నారు. కొన్నాక దాన్ని నడిపే ప్రోగ్రాం ఎవరో రాయాలని తెలిసింది. అలా నన్ను పిలిచారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

శేషారావు గారు మంచివారే. మిషను ఖాళీగా ఉంటే మాత్రం తట్టుకోలేరు. "దాన్నలా చూస్తుంటే పెట్టిన డబ్బే కనపడుతుందండి సుశీల గారూ. ఏదోటి కొయ్యండి" అనేవారు.

అల్లవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక రైతు కొత్త ఇల్లు కట్టుకుని, ఇంటి పేరు 'సంపద' అని టేకులో అక్షరాలు కోసి ఇమ్మన్నారు. అక్షరాల్ని విడివిడిగా కోసి గోడకు బిగించాలి. ఇలాంటి పనిలో, ముక్క చుట్టూ కోత పూర్తి కాగానే దానికి ఆధారం పోతుంది. అందుకని కోత మధ్యలో అక్కడక్కడ సన్నటి వంతెనలు వదులుతాం. వాటినే ట్యాబులంటారు. పనయ్యాక ఉలితో తెంపుకోవచ్చు. నేను ట్యాబులు పెట్టి ప్రోగ్రాం సిద్ధం చేశాను. శేషారావు గారు తెర మీదికి వంగి చూశారు.

"ఇన్ని వంతెనలు ఎవరు తెంపుతారండీ? తీసేయండి. టేకు బరువుకు ఎక్కడికీ కదలదు."

అక్షరం కదలదు, నిజమే. కానీ మన అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల్లా ఒకే ముక్క కావు కదా. 'స' మీద తలకట్టు వేరే ముక్క. పక్కన సున్న వేరే ముక్క. 'ప' మీద తలకట్టు ఇంకో ముక్క. నేను ఆ మాట చెప్పాను. ఆయన అప్పటికే ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడుతూ చేయి ఊపారు. తీసేశాం. 'స' తలకట్టు తెగగానే పొట్టు లాగే గొట్టంలోకి పోయింది. 'ప' తలకట్టు బిట్టు కింద పడి నలిగి, బిట్టును కూడా విరగ్గొట్టింది. సున్న దొర్లుకుంటూ రంపపు బల్ల కిందకు వెళ్లిపోయింది.

అదే సమయానికి ఆ రైతు వచ్చారు. బల్ల మీద మిగిలిన అక్షరాలను కాసేపు చూసి, నెమ్మదిగా అడిగారు.

"తలకట్లన్నీ తిరపతిలో ఇచ్చేసేరా ఏంటండీ?"

శేషారావు గారు అంతలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. ఆ తర్వాత ట్యాబుల మాట ఎత్తలేదు. మీకు చెప్పేదేమిటంటే, తెలుగు అక్షరాలు కోసే ముందు అక్షరాలు కాదు, ముక్కలు లెక్కపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌కు తలకట్టంటే ఏమిటో తెలియదు.

కొత్తపేటలో కారు షెడ్డు

సామిల్లులో ఉన్న రోజుల్లోనే నాకు శర్మ గారు పరిచయమయ్యారు. కొత్తపేటలో పళ్ల డాక్టరు. వాళ్ల నాన్నగారూ తాతగారూ వేదపండితులు. ఈయన పళ్లలోకి వచ్చారు. సరదాకని ఒక చిన్న సీఎన్‌సీ మిషను తెప్పించి, సొంతంగా బిగించుకుని, కారు షెడ్డులో పెట్టారు. కారు బయట కొబ్బరిచెట్ల కిందకు వెళ్లింది. ఒకసారి కారు మీద కాయ పడి సొట్టపోయింది. నేను వెళ్లినప్పుడల్లా ఆయన భార్య ఆ సొట్ట చూపించి, "ఇదండీ మావారి హాబీ" అనేవారు.

ఆయన బొమ్మలు పంపేవారు. నేను వాటికి దారులు వేసి ఇచ్చేదాన్ని. సరదా మిషన్లతో జాగ్రత్త ఏమిటంటే, వాటి బలం తక్కువ. సామిల్లు రౌటరు ఒక్క విడతలో తీసే లోతును ఇవి చాలా విడతల్లో నిదానంగా తియ్యాలి. పెద్ద మిషను కోసం చేసిన ప్రోగ్రాం దీనికిస్తే వణికిపోతుంది. శర్మ గారికి ఇది నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. చిన్న బిట్టుతో కొద్దికొద్దిగా తొలచడం ఆయన రోజంతా చేసే పనే.

మాస్టారు అడిగిన మ్యాపు

ఒక మధ్యాహ్నం సామిల్లు ముందు ఆటో ఆగింది. తెల్ల చొక్కా, చేతిలో కర్ర ఉన్న ఒకాయన దిగి, రంపం చప్పుడు వైపు నడిచి వస్తున్నారు. నేను ఎదురెళ్లాను.

"నమస్కారమండీ. ఇక్కడ కంప్యూటరుతో చెక్క చెక్కించే మేడం గారుంటారని చెప్పేరండి."

"నేనేనండి. రండి, కూర్చోండి."

ఆయన పేరు సత్యానందం. అల్లవరం అవతల ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారు. చిన్నతనంలోనే చూపు పోయింది. అంధుల పాఠశాలలో చదువుకుని, బీఎడ్ చేసి, ఉద్యోగం తెచ్చుకున్నారు. చరిత్ర పాఠం ఆయన చెబితే పక్క తరగతి పిల్లలు కూడా చెవులొగ్గి వింటారని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆయనకొచ్చిన చిక్కు వేరు. కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు, అర్ధసంవత్సరం పరీక్షల తర్వాత పదో తరగతిని ఆయన నుంచి తీసి వేరేవాళ్లకు ఇస్తానన్నారు.

"ఆవిడ తప్పేం లేదండి" అన్నారు మాస్టారు. "పరీక్షలో మ్యాపు గుర్తించే ప్రశ్న ఉంటుందండి. పిల్లల మార్కులు పోతాయని ఆవిడ భయమండి. నేను చెప్పలేననుకుంటున్నారు."

"చెప్పగలరా మాస్టారూ?" నేను సూటిగానే అడిగాను.

"మ్యాపుంటే చెప్పగలనండి. ఇప్పటిదాకా నాకెవరూ మ్యాపు చూపించలేదండి."

సరే, చేద్దాం అనుకున్నాను. "భారతదేశం చెయ్యమంటారా?"

"అదీ కావాలండి. ముందు కోనసీమ కావాలండి."

"పరీక్షలో కోనసీమ రాదు కదండీ?"

"రాదండి. కానీ నేనెక్కడ నిలబడ్డానో నాకు తెలీకుండా, హిమాలయాలెక్కడున్నాయో పిల్లలకెలా చెప్పనండీ?" ఆయన కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నారు. "గోదావరి పాయలంటారు కదండీ. పుస్తకంలో చదివేను, పిల్లలకీ చెప్పేను. ఆ పాయలు చేతివేళ్లలా విడిపోతాయా, జడపాయల్లా మళ్లీ కలుస్తాయా? చిన్నప్పటి నుంచీ ఎవర్నైనా అడగాలనుందండి."

నాకు జవాబు తెలుసు. ఆ క్షణంలో చెప్పాలనిపించలేదు. ఆయన వేలికే తెలియనిద్దాం అనిపించింది.

వెనక నుంచి శేషారావు గారు అంతా విన్నారు. "మంచి టేకు చెక్క నేనిస్తానండి మాస్టారూ. మిషను మాత్రం అడక్కండి. కల్యాణమండపం తలుపులు దాని మీద ఉన్నాయి" అన్నారు. మిషను కోసం శర్మ గారికి ఫోను చేశాను. "తీసుకురండి. కారు ఎలాగూ బయటే ఉంది" అన్నారాయన.

మొదటి చెక్క

ముందు నేలలో నిజంగా ఉన్న ఎత్తుపల్లాలే పెడదామని చూశాను. తెర మీద కోనసీమ మొత్తం దోసెల పెనంలా చదునుగా వచ్చింది. మన దగ్గర ఎత్తేముంది గనుక? అందుకని నేలను ఒక మట్టంగా, సముద్రాన్ని కొంచెం కిందగా, నదుల్ని ఇంకా లోతుగా నేనే నిర్ణయించాను. ఎడమ వైపు వశిష్ఠ, కుడి వైపు గౌతమి, వశిష్ఠ నుంచి చీలి మధ్యలో నడిచే వైనతేయ. వంపులన్నీ ఉన్నవున్నట్టు రావాలని చాలా సన్నటి బిట్టు వేశాను. ఊళ్ల దగ్గర గుండ్రటి తలల ఇత్తడి మేకులు దిగడానికి చిన్న రంధ్రాలు పెట్టాను.

కోత అద్భుతంగా వచ్చింది. టేకు మెరుపులో నదులు గీసినట్టున్నాయి. శర్మ గారు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి బంధువులందరికీ పంపించుకున్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మాస్టారు నేరుగా షెడ్డుకు వచ్చారు. బల్ల ముందు కూర్చోబెట్టి చెక్క ఆయన చేతుల కింద పెట్టాం. ఆయన రెండు అరచేతులతో ఒకసారి మొత్తం తడిమి, తర్వాత కుడి చూపుడువేలితో మొదలుపెట్టారు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం.

ఆయన వేలు ఒకే చోట మళ్లీ మళ్లీ తిరిగింది. తర్వాత, "ఇన్ని కాలవలు పెట్టేరేంటండీ?" అన్నారు.

"కాలవలు పెట్టలేదండి. నదులు మాత్రమే."

"మరి ఇవేంటండీ, వరసగా, ఒకదాని పక్కన ఒకటి?"

వంగి చూశాను. కంటికి ఏమీ కనపడలేదు. గోటితో గీరాను, అప్పుడు తెలిసింది. గుండ్రటి మొన ఉన్న బిట్టు పక్కపక్కనే నడిచినప్పుడు మధ్యలో సన్నటి గట్లు మిగులుతాయి. పని జీవితమంతా వాటిని "కంటికి కనపడవులే" అని వదిలేశాం. మాస్టారి వేలికి అవి నది కంటే స్పష్టంగా ఉన్నాయి. దానికి తోడు టేకులో ఉండే చారలు కూడా ఆయనకు గీతల్లాగే తగులుతున్నాయి. అసలు వైనతేయ ఆయనకు దొరకనే లేదు. అంత సన్నటి గాడిలోకి వేలు దిగదు. దాని పై నుంచి దాటిపోయింది.

"బాగుందండి. చాలా కష్టపడ్డారు" అన్నారు మాస్టారు, మమ్మల్ని నొప్పించకుండా. శర్మ గారు ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

"కాదు మాస్టారూ, బాగోలేదు" అన్నాను. "మీరు చెప్పండి. ఎక్కడ ఎలా ఉంటే మీకు తెలుస్తుంది?"

అప్పుడు ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు. ఒక గంట దాటి ఉంటుంది. శర్మ గారి భార్య రెండుసార్లు కాఫీ ఇచ్చారు. నేల నున్నగా ఉండాలన్నారు. నది అంటే వేలు పడి జారుకుంటూ పోవాలన్నారు. ఊరు మేకులాగే ఉండొచ్చన్నారు. చివరికి ఆ గట్ల మీద వేలు మళ్లీ ఆడించి, "ఇవి తీసేయకండి మేడం గారూ. సముద్రానికి పెట్టండి. అలల్లా ఉన్నాయి" అన్నారు.

లోపం అనుకున్నదాన్ని ఆయన సముద్రం చేసేశారు. ఇంటికి వెళ్తూ దారంతా ఆ మాటే తలుచుకున్నాను.

రెండో చెక్క

బిట్టు ఎంత లావుందో చూసి నది వెడల్పు నిర్ణయించడం నాకు అలవాటు. ఈసారి మాస్టారి వేలిని బట్టి నిర్ణయించాలి. మరుసటి ఆదివారం ఆయన వచ్చినప్పుడు శర్మ గారి భార్య చపాతీ పిండి ముద్ద తెచ్చారు. మాస్టారు దాని మీద వేలు ఆనించి లాగారు. ఆ గాడి వెడల్పు, లోతు కొలిచి నదులన్నిటికీ అదే పెట్టాను. మ్యాపు కొలతలు తెలిసినవాళ్లు చూస్తే వైనతేయ అంత వెడల్పా అని నవ్వుతారు. వాళ్ల కోసం కాదుగా.

టేకు బదులు, చెక్కపొడి అదిమి చేసే, చారలుండని ఎండీఎఫ్ అట్ట తీసుకున్నాను. శేషారావు గారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. "మా టేకు పనికిరాలేదటండీ?" అని వచ్చినవాళ్లందరితో అన్నారు. ఖరీదైన చెక్క అన్ని పనులకూ మంచి చెక్క కాదని ఆయనకు చెప్పే ధైర్యం ఆ వారం నాకు లేదు.

నేల మీద గీతల మధ్య ఎడం బాగా తగ్గించాను. దాంతో కోత సమయం సాగిపోయింది, ఫర్వాలేదు. సముద్రం మీద ఎడం కావాలని పెంచి, తీరం వంపు వెంబడే నడిపించాను. అంతా సవ్యంగా నడుస్తుండగా నేను సామిల్లులో ఉన్నప్పుడు శర్మ గారి ఫోను వచ్చింది.

"సుశీల గారండీ, అంతర్వేది మునిగిపోయిందండి."

"ఏమైంది?"

"కరెంటు పోయిందండి. వచ్చేక ఆగిన చోటి నుంచి నేనే మొదలెట్టేనండి. అదేమో వేరే చోట దిగిందండి."

కొత్తగా మిషను కొన్నవాళ్లు ఇక్కడ ఆగి జాగ్రత్తగా వినండి. కరెంటు పోతే మన సరదా మిషన్లకు తామెక్కడున్నామో గుర్తుండదు. వచ్చాక అది నిలబడ్డ చోటే సున్న, అంటే కొలతలు మొదలయ్యే చోటు, అనుకుంటుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే, చెక్కకు దూరంగా కింది బల్ల మీద ఒక చిన్న రంధ్రం వేసుకుని, చెక్క మీది సున్నకు అది ఎంత దూరమో రాసుకోవాలి. కరెంటు వచ్చాక బిట్టును ముందు ఆ రంధ్రంలోకి తెచ్చి, నువ్విక్కడున్నావని మిషనుకు చెప్పాలి. ఆ తర్వాతే మిగతాది. నోట్లో డ్రిల్లు పెట్టినప్పుడు శర్మ గారికున్న ఓపిక, చెక్క దగ్గరకొచ్చేసరికి ఉండేది కాదు.

మొత్తం మళ్లీ కొయ్యలేదు. దెబ్బతిన్న చోటు నలుచదరంగా తవ్వి, అంతే కొలతలో ఇంకో ముక్క అతికించి, అంతవరకే మళ్లీ దారి నడిపించాం. పైన నున్నగా రుద్ది, పొరలు పొరలుగా సీలరు పూశాం. ఊళ్ల మేకుల పక్కన మాస్టారు తానే బ్రెయిలీలో పేర్లు పొడిచి తెచ్చిన పట్టీలు అంటించాం.

మాస్టారు మళ్లీ బల్ల ముందు కూర్చున్నారు. వేలు పైన రావులపాలెం దగ్గర పెట్టి కిందకు వదిలారు. అది వశిష్ఠలో పడి, జారుకుంటూ వెళ్లి, చీలిక దగ్గర ఆగింది. ఒక దారిలో సముద్రం దాకా వెళ్లారు. వెనక్కి వచ్చి రెండో దారిలో సముద్రం దాకా వెళ్లారు. పైకి వెళ్లి గౌతమి పట్టుకుని మళ్లీ సముద్రం దాకా వెళ్లారు. తర్వాత తన ఎడమ అరచేతిని తిప్పి, వేళ్లు చాచి, కుడి చేత్తో ఒక్కో వేలూ తడుముకున్నారు.

"వేళ్లేనండి. జడ కాదు" అన్నారు.

శర్మ గారు ఏదో పని ఉన్నట్టు పొట్టు ఊడవడం మొదలుపెట్టారు. మాస్టారి వేలు అప్పటికే మళ్లీ మ్యాపు మీదకు వెళ్లింది.

"అంతర్వేది దగ్గర గోడేదో తగుల్తోందండీ?"

"కరకట్టండి" అన్నారు శర్మ గారు చీపురు ఆపకుండా. మాస్టారు పెద్దగా నవ్వేశారు.

తరగతిలో

దారులు వెయ్యడంలో తికమకలన్నీ కోనసీమతోనే తీరిపోయాయి కాబట్టి భారతదేశం మ్యాపు త్వరగానే తయారైంది. పర్వతాలకు గట్లు, నదులకు వేలు పట్టే గాళ్లు, సముద్రానికి అలలు. కోనసీమ అక్కడ ఇసుకరేణువంత కూడా లేదు. మాస్టారు అది ఎక్కడుందో అడిగి, ఆ చోట వేలు పెట్టి, "ఆయ్" అని ఊరుకున్నారు.

హెడ్మిస్ట్రెస్ గారు పాఠం చూస్తానన్న రోజున మాస్టారు నన్నూ రమ్మన్నారు. ఆవిడ గట్టి మనిషి. నమస్కారం పెట్టి, వెనక బెంచీలో కూర్చుని, పాఠం అయ్యేదాకా కదలలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు. నేను ఆ స్థానంలో ఉంటే అదే చేసేదాన్ని. పాఠం అయ్యాక లేచారు.

"బానే చెప్పేరు మాస్టారూ. పిల్లలు కాగితం మీద గుర్తు పెట్టింది మీరెలా దిద్దుతారు?"

"వాళ్లు పెన్నుతో పెట్టరండి. కంపాసు మొనతో పొడుస్తారు. కాగితం తిరగేస్తే నాకు బుడిపె తగుల్తుందండి. దేశం అంచులు కూడా ముందే పొడిచి ఉంచుతాం."

ఆవిడ ఒక కాగితం తీసుకున్నారు. ఎవరికీ కనపడకుండా ఒక చోట పొడిచి ఆయన చేతికిచ్చారు. "కృష్ణ సముద్రంలో కలిసే చోటు. సరిగ్గా ఉందా?"

మాస్టారు కాగితం తిరగేశారు. ఎడమ చెయ్యి చెక్క మ్యాపు మీద, కుడి చెయ్యి కాగితం మీద. రెండు చేతులూ తూర్పు తీరం వెంట నెమ్మదిగా, ఒకే వేగంతో పైకి నడిచాయి.

"ఇది మహానది దగ్గరండి, మేడం గారూ. కృష్ణ అయితే ఇంకా చాలా కిందకు రావాలండి."

ఆవిడ ఆ కాగితం వెనక్కి తీసుకుని, మడిచి, చేతిలో ఉంచుకున్నారు. "పదో తరగతి మీ దగ్గరే ఉంటుంది మాస్టారూ" అన్నారు. మాస్టారు తల వంచి నమస్కారం పెట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టడానికి ఒక్క క్షణం ఆలోచించి, ఆవిడ వైపు చూసి, కొట్టేశారు.

గంట కొట్టినా పిల్లలు బయటకు పోలేదు. కళ్లు మూసుకుని కోనసీమ మ్యాపు మీద ఎవరి ఊరు వాళ్లు వెతుక్కోవడం వాళ్లకు అప్పటికే ఒక ఆటైపోయింది. కాట్రేనికోన నుంచి వచ్చే ఒకమ్మాయి రెండుసార్లు వేలు లాగగానే తన ఊరు చేరుకుంది.

"మేడం గారూ, మీదే ఊరండీ?" అన్నారు మాస్టారు.

"పుట్టింది రాజోలులోనండి."

"అయితే మీరూ వెళ్లి రండి ఓసారి."

ఆ చెక్క మీద ప్రతి దారీ నేను వేసిందే. ప్రతి మేకు రంధ్రం కొలతా నాకు కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని ధీమాగా చెయ్యి పెట్టాను. వేలు కొంచెం దూరం వెళ్లింది. ఏదీ తగల్లేదు. ఇంకొంచెం జరిపాను. సన్నటి గట్లు, ఒకదాని తర్వాత ఒకటి. పిల్లలు కిసుక్కుమన్నారు.

"మేడం గారండీ, మీరు సముద్రంలో ఉన్నారండి" అన్నారు మాస్టారు. "కంగారు పడకండి. ఎడమ పక్కకు జరిగి, పైకి రండి. అలలు ఆగేక నేల తగుల్తుంది. నేల వెంబడి వెళ్తే వశిష్ఠ దొరుకుతుందండి. అది పట్టుకుని పైకి వెళ్లండి."

చెప్పినట్టే వెళ్లాను. అలలు ఆగిపోయాయి. నేల నున్నగా వచ్చింది. కాసేపటికి వేలు నదిలో పడింది, దానంతటదే జారుకుంటూ పోయింది. గట్టు పక్కన ఒక మేకు చల్లగా తగిలింది.

"ఇదేనా రాజోలు?"

"ఆయ్" అన్నారు మాస్టారు. "వచ్చేసేరండి."